రూమ్ పైసలు మీరు కట్టొచ్చు, రిజిస్టర్‌ల సంతకం ఎవరు పెడతరు?

అక్కా, మీరు అడిగింది చదివిన. మీది దేవరకొండ. బాబుకు 17 ఏండ్లు, వాని దోస్తుకు ఇంకా 17 నిండలేదు. ఇద్దరికీ జేఈఈ మెయిన్ పొద్దున షిఫ్టు సెంటర్ హైదరాబాద్‌ల పడ్డది. ఇంటాయన ఊర్ల లేడు, బాగలేని అత్తమ్మను విడిచి మీరు కదిలే తీరు లేదు. ఫోన్ల మీ పేరు మీద రూమ్ బుక్ చేసి పిల్లలనే పంపితే లాడ్జివాళ్లు ఇస్తరా అని కదా.

బుకింగ్ అయితది. పైసలు కూడా కట్ అయితయి. తాళంచెవి మాత్రం పిల్లల చేతికి రాకపోవచ్చు. మా బిడ్డకు ఇదే జరిగింది కాబట్టి ఇంత పొడుగు రాస్తున్న.

మాది నల్లగొండ. బిడ్డ ఇంటర్ సెకండియర్ల ఉన్నప్పుడు జనవరిల పరీక్ష. 9 గంటలకు మొదలైనా గేటు 8:30కే మూస్తరు. తెల్లారగట్ల బస్సుకు పంపుదామంటే, జనవరిల చిట్యాల, చౌటుప్పల్ దిక్కు మంచుల ముందుపోయే లారీ కూడా కనబడదు. అందుకే ముందురోజే పంపాలనుకున్నం. మా ఇంటామెకు ఆపరేషన్ అయి వారం కాలేదు, నేను దవాఖాన విడిచి రాలేని పరిస్థితి. సెంటర్ దగ్గర ఒక లాడ్జిల నా పేరు మీద రూమ్ బుక్ చేసి 1,450 రూపాయలు కట్టిన. బిడ్డ, ఆమె దోస్తు ఇద్దరే పోయిన్రు.

రాత్రి ఏడున్నరకు ఫోన్ వచ్చింది. కౌంటర్ల కూసున్నాయన బిడ్డ ఆధార్ కార్డు తీసుకొని, ట్యూబ్‌లైట్ కింద పెట్టి, పుట్టిన తేదీ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టి, "పద్దెనిమిదికి ఇంకా నాలుగు నెలలు తక్కువున్నయమ్మా" అని కార్డు వెనుకకు ఇచ్చిండట. నేను మేనేజర్‌తోని మాట్లాడిన. బతిమిలాడిన, కోపం కూడా చేసిన. ఆయన ఒకటే అన్నడు: "సార్, పైసలు మీరు కట్టిన్రు, కాదంటలేను. ఈ రిజిస్టర్‌ల సంతకం ఎవరు పెడతరు?"

నా దగ్గర జవాబు లేదు. బిడ్డ ఫోన్ తీసుకొని మెల్లగ, "నాన్నా, ఇక్కడ ఇద్దరు నిలబడి మమ్మల్నే చూస్తున్రు" అన్నది. ఆ మాట నా పానం ఉన్నంతకాలం మరువను. ఉప్పల్‌ల ఉండే మా మరదలికి ఫోన్ చేస్తే, వండుతున్న కూర పొయ్యి మీదనే విడిచి ఆటోల పోయి ఇద్దరినీ తన ఇంటికి తీస్కపోయింది. పైసలు వాపస్ రాలే.

అప్పుడు మేనేజర్ మీద మస్తు కోపం వచ్చింది. తర్వాత వకీలు చదువుకున్న మా తమ్ముడు చెప్తే అర్థమైంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం 18 నిండనోళ్లు చేసుకునే ఒప్పందం చెల్లదు. రూమ్ కిరాయికి తీసుకోవడం కూడా ఒప్పందమే. రాత్రిపూట పిల్లలకు ఏమన్న అయితే పోలీసులు వచ్చి మొదలు తెరిచేది ఆ రిజిస్టరే. అందుల పెద్దోళ్ల పేరు లేకుంటే లాడ్జివాళ్లు ఏం చెప్తరు?

ఏప్రిల్‌ల రెండోసారి పరీక్ష ఉండె. ఈసారి పైసలు కట్టకముందే నేరుగా లాడ్జిలకు ఫోన్లు చేసిన. మూడు చోట్ల కాదన్నరు. నాలుగోది ఫ్యామిలీలు దిగే చిన్న లాడ్జి. ఉన్నది ఉన్నట్టు చెప్పిన: ఇద్దరూ ఆడపిల్లలు, 17 ఏండ్లు, నేను వచ్చి నా ఆధార్ మీద సంతకం పెట్టి రాత్రి బస్సుకు వెనుకకు పోత. ఆయన ఆలోచించి సరే అన్నడు గానీ, ఒక కాగితం రాయించుకున్నడు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఎందుకొచ్చిన్రు, ఎన్ని రోజులు, నా నంబరు, ఊర్ల ఉన్న మరదలి నంబరు. దోస్తు పిల్ల తరఫున ఆమె నాయన సంతకం వేరేగ అడిగిండు, నేను పెడతనంటే ఒప్పుకోలే. అది నాకు నచ్చింది. కౌంటర్‌కు ఎదురుంగ ఉన్న రూమ్ ఇచ్చి, పొద్దున ఆరుకు తలుపు కొట్టించి లేపిండు.

మీకు నేను చెప్పేది ఏందంటే, ఇంట్ల అమ్మమ్మో, డిగ్రీ చదివే అన్ననో ఉంటే తోడు పంపండి. వాళ్లకు హైదరాబాద్ తెల్వాల్సిన పనిలేదు. 18 దాటి, ఒరిజినల్ ఆధార్ చేతిల ఉండి, ఆ రాత్రి నిజంగ పిల్లలతోనే పండుకుంటే చాలు. అమ్మమ్మ అయితే ఆడోళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల టికెట్ పైసలు కూడా కావు. బస్సుల చూపించే ఆధారే లాడ్జిల కూడా చూపిస్తది. బుకింగ్ ఆమె పేరు మీదనే చేయండి.

తోడు ఎవ్వరూ దొరకకపోతే నేను చేసినట్టు ముందుగ ఫోన్ చేసి, మీరు రాలేరు కాబట్టి సంతకం ఎవరు పెట్టాలో అడిగి, ఒప్పుకున్న మేనేజర్ పేరు రాసుకొని, అప్పుడు పైసలు కట్టండి. మీ పిల్లలు దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ వస్తరు కాబట్టి సాగర్ రోడ్డు, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు బాయ్స్ హాస్టళ్లల మీ ఊరి పిల్లలు ఎవరన్న ఉన్నరేమో కూడా అడగండి. వార్డెన్‌తోని మీరే మాట్లాడితే ఒక్క రాత్రికి ఒప్పుకునేటోళ్లు ఉంటరు.

ఒక్కటి మాత్రం చేయకండి. ఎవరో పెద్దపిల్లగాని ఆధార్ ఇచ్చి "ఇది నాదే" అని చెప్పించొద్దు. మాకూ ఆ సలహా ఇచ్చినోళ్లున్నరు. రాత్రిపూట ఏదన్న తనిఖీ వస్తే, పరీక్ష రాయాల్సిన పిల్లగాడు పోలీసుల ముందట అబద్ధం మీద నిలబడాల్సి వస్తది. పాన్ కార్డు కూడా పంపకండి, అడ్రస్ ఉండదు కాబట్టి చానా చోట్ల తీసుకోరు. జిరాక్స్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇయ్యండి, చివరి నాలుగు అంకెలే కనబడతయి.

పిల్లల జేబుల 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 112 (ఆపదల పిలిచే నంబరు) రాసిన చీటీ పెట్టండి. చార్జింగ్ అయిపోయిన ఫోన్ల నంబర్లుంటే ఏం లాభం.

సెంటర్ ఏ ఏరియానో రాయండి అక్కా. ఉప్పల్, ఎల్బీనగర్ దిక్కు అయితే మా మరదలిని అడుగుత, ఆమె ఇంట్ల ముందుగది ఖాళీగనే ఉంటది.