పూల సీజన్ పెంచడానికి అప్పా? ముందు ఖాళీ నెలల డబ్బు చూసుకోండి

ప్రశ్న: చలి ప్రాంతంలో అరెకరంలో కట్ ఫ్లవర్స్ (కాడతో కోసి అమ్మే పూలు) పండిస్తున్నాం. పూలు కోసేది 20 వారాలే. ఏడాదంతా కోయాలని హీటర్‌తో పాలీహౌస్ (ఆర్చులపై ప్లాస్టిక్ షీటు కప్పిన పంట గది) వేయడానికి మూడేళ్ల పర్సనల్ లోన్‌కు దరఖాస్తు చేశాను. చేతిలో రెండు నెలల ఇంటి ఖర్చు ఉంది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దండి. ఈ దరఖాస్తు వెనక్కి తీసుకోండి. సీజన్ పెరిగితే ఆదాయం ఏడాదంతా సమానంగా వస్తుందనుకుని నెలవారీ వాయిదాల్లో ఇరుక్కునే పూల రైతులు చాలామంది ఉన్నారు.

హీటర్ వేడినిస్తుంది, వెలుతురునివ్వదు. పగలు పది గంటలకన్నా తగ్గిన రోజుల్లో లోపల ఎంత వెచ్చగా ఉన్నా చాలా మొక్కలు దాదాపు ఎదగవు. నడి చలికాలంలో ఇంధనం ఖర్చు వస్తుంది, పూలు రావు. అన్నీ కలిసొచ్చి సీజన్ 26 వారాలైనా పన్నెండు వాయిదాలను ఆరు నెలల అమ్మకాలే మోయాలి. అంటే అమ్మకాలున్న ప్రతి నెలా రెండు వాయిదాల డబ్బు తీసి పెట్టాలి.

మీ దగ్గరున్న రెండు నెలల డబ్బు అత్యవసర నిధి కాదు. పూలు లేని 32 వారాలు ఏటా వచ్చేవే. ఆ ఏడున్నర నెలల ఖర్చును సీజన్‌లోనే, కోత డబ్బు వచ్చిన వారమే వేరే ఖాతాలో వేయండి. అత్యవసర నిధి దానికి అదనం: కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు, ఒక విడత విత్తనాలు, దుంపలు, పాలీహౌస్ వేస్తే దాని షీటు ఒకసారి మొత్తం మార్చే ఖర్చు. షీటు ఎందుకంటారా? తడి మంచు అడుగు మందాన పేరుకుంటే చదరపు మీటరుకు 60 కిలోలు దాటవచ్చు. ఒక్క రాత్రిలో ఆర్చులు వంగి, షీటు చిరిగి, లోపలి మొక్కలు గడ్డకడతాయి. పంట, కట్టడం, వచ్చే నెల ఆదాయం ఒకేసారి పోతాయి. వాయిదా మాత్రం తేదీకి వచ్చేస్తుంది.

20 నుంచి 26కు పెరిగే ఆ ఆరు వారాలను అప్పు లేకుండానే రాబట్టే ప్రయత్నం చేయండి. స్నాప్‌డ్రాగన్, లార్క్‌స్పర్, కార్న్‌ఫ్లవర్‌లను మొదటి గడ్డచలికి 6–8 వారాల ముందే వేయండి. వేరు పట్టి చలికాలం దాటితే, వసంతంలో వేసినవాటికన్నా కొన్ని వారాల ముందే కోతకొస్తాయి. చలి మరీ తీవ్రమైతే బతకకపోవచ్చు కాబట్టి మొదటి ఏడాది ఒక్క మడిలోనే చూడండి. మూడు నాలుగు అడుగులకొక ఆర్చు గుచ్చి, చదరపు మీటరుకు 30 గ్రాములుండే, మొక్కలపై కప్పే పలుచని తెల్ల గుడ్డ కప్పితే రెండు మూడు డిగ్రీల రక్షణ దొరుకుతుంది. గుడ్డ ఆకులకు ఆనితే ఆనినచోట అవి మాడతాయి, ఆర్చు అందుకే. అంచులపై ఇసుక బస్తాలు పెట్టండి, లేకపోతే గాలికి లేచిపోతుంది. ఎండ కాసిన పగలు పక్కలు ఎత్తాలి. ఎత్తకపోతే తేమ నిలిచి మొగ్గలకు బూడిదరంగు బూజు పడుతుంది. రానంక్యులస్ పూల దుంపలను 3–4 గంటలు నానబెట్టి, చల్లని చోట 10–14 రోజులు మొలకెత్తించి నాటండి. సీజన్ చివర్లో చామంతులకూ అదే గుడ్డ పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఆర్చులు దొరికితే తీసుకోవచ్చు, తుప్పు చూసుకోండి.

రెండు సీజన్ల లెక్కలు చేతికొచ్చి, నిధి నిండాక హీటర్ లేని పాలీహౌస్ గురించి ఆలోచించండి. అప్పుడైనా వాయిదాలు అమ్మకాల నెలల్లోనే పడేలా ఒప్పుకుంటేనే సంతకం చేయండి. బీమా తీసుకునేటప్పుడు మంచు బరువు, గాలి, షీటు, లోపలి పంట, ఈ నాలుగింటికీ విడివిడిగా రాతపూర్వక జవాబు అడగండి. చట్రానికి కవర్ ఉంటే పంటకూ ఉన్నట్టే అనుకోకండి.