మంగోల్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అల్లావుద్దీన్ ఖిల్జీ ఢిల్లీ సుల్తానుగా ఉన్నప్పటి మంగోలుల దాడుల మీద నువ్వు రాస్తున్న నవల్లోంచి పంపిన మూడు చాప్టర్లూ ఆపకుండా చదివేశా, భాష బాగుంది, నీ చేతిలో వేగం ఉంది, ఆ మెప్పు ముందే చెప్పేస్తున్నా ఎందుకంటే తర్వాత చెప్పేవి నీకు అంతగా నచ్చకపోవచ్చు. మూడు చాప్టర్లలో మూడు యుద్ధాలు పెట్టావు, మూడింట్లోనూ సుల్తాను సేనాని జఫర్ ఖాన్ కత్తి తిప్పుతూనే ఉన్నాడు. ఇంక ఢిల్లీని కాపాడటానికి వేరే ఎవరికీ పని లేనట్టుంది కదరా!

1299లో ఢిల్లీ పక్కనే కిలీ దగ్గర జరిగిందే చూడు. మంగోలులు పారిపోతున్నట్టు నటిస్తే జఫర్ ఖాన్ తరుముకుంటూ వెళ్ళి ఉచ్చులో పడ్డాడు, సుల్తాను తమ్ముడు ఉలుగ్ ఖాన్ సాయానికి కదల్లేదు. చచ్చేదాకా వీరుడిలానే పోరాడాడు, కాదనను. కానీ అతను పోయాక అల్లావుద్దీన్ ఖిల్జీ లోలోపల ఊపిరి పీల్చుకున్నాడని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ రాశాడు, నువ్వేమో అక్కడ సుల్తాను చేత ఒక పేజీ ఏడిపించావు. పేరున్న సేనాని అంటే సుల్తానుకి భయం ఉంటుంది, ఆ భయం రాయి, అది నీ కత్తులకంటే పదునుగా ఉంటుంది.

బరనీని నమ్మేటప్పుడు కూడా కాస్త జాగ్రత్త. ఆ యుద్ధానికి ముందు తొందరపడొద్దని సుల్తానుకి సలహా చెప్పిన ఢిల్లీ కొత్వాల్ (అంటే నగర రక్షణాధికారి) బరనీకి సొంత బాబాయి, ఆ సీన్ అంత వివరంగా ఎందుకుందో అర్థమైందిగా. పైగా బరనీ రాసింది దాదాపు అరవై ఏళ్ళ తర్వాత. మంగోల్ సైన్యం ఒకచోట లక్ష అంటాడు ఇంకోచోట రెండు లక్షలంటాడు, నువ్వు పెద్ద అంకె ఏరుకుని దాన్ని మూడు లక్షలు చేశావు.

ఇప్పుడు అసలు సంగతి. 1303 గురించి నీ నవల్లో రెండంటే రెండు లైన్లున్నాయి, నా లెక్కలో నీ నవల మొత్తం అక్కడే ఉంది. చిత్తోడ్ ముట్టడి నుంచి సుల్తాను అప్పుడే తిరిగొచ్చాడు, గుర్రాలు ఆయుధాలు బోలెడు పోయాయి. ఇంకో సైన్యాన్ని మన ఓరుగల్లు మీదకి పంపాడు, అది వానల్లో చితికిపోయి ఉత్త చేతులతో వెనక్కి వస్తోంది. సరిగ్గా ఆ టైంలో మంగోల్ సేనాని తర్ఘీ ఢిల్లీ మీదకి దిగాడు. యమునా రేవులు, దారులు మూసేశాడు, ఓరుగల్లు నుంచి వస్తున్న ఆ సైన్యం ఢిల్లీలో అడుగు పెట్టలేకపోయింది. మనవాళ్ళకి ఆ సంగతి తెలిసి కూడా ఉండదు, కానీ కాకతీయుల రాజ్యం నుంచి ఖాళీగా తిరిగిన ఆ దండు లేకపోవడం కూడా ఢిల్లీ కష్టాల్లో ఒకటి. తెలుగులో రాస్తూ దీన్ని ఎలా వదిలేశావురా?

సుల్తాను ఏం చేశాడు? ఢిల్లీ పక్కనే సిరి అనే చోట మకాం వేసి చుట్టూ కందకం తవ్వించాడు, కందకం వెనక చెక్కల గోడ కట్టించాడు, ఆ చెక్కలు జనం ఇళ్ళ తలుపులు. ఒక ఇల్లాలి కళ్ళ ముందే ఆమె వీధి తలుపు ఊడబీకి సైనికులు ఎత్తుకుపోతుంటే ఆమె రాత్రికి ఏం అడ్డం పెట్టుకుంది, ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టు. ఇంకొకటి విను, మంగోలులు సర్కారు గాదెలు దోచి ఆ ధాన్యాన్నే నగరం అంచుల్లో చవగ్గా అమ్మారట! శత్రువు నీ గోధుమలు నీకే తక్కువ రేటుకి అమ్ముతుంటే కొనుక్కోవాలా వద్దా అని సంచి పట్టుకుని నిలబడ్డవాడు నీ హీరో అవ్వాలి. రెండు నెలలకి తర్ఘీ వెళ్ళిపోయాడు, పెద్ద యుద్ధమేమీ లేకుండానే. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా ప్రార్థన వల్లే అని జనం చెప్పుకున్నారు, అది కూడా పెట్టు, కొట్టిపారెయ్యకు.

ఆ దెబ్బకి సుల్తానుకి కళ్ళు తెరుచుకున్నాయి. సరిహద్దు కోటలు బాగు చేయించాడు, సైన్యం పెంచాడు, కానీ అంతమందికి జీతం ఎక్కడిది? ఒక గుర్రం ఉన్న సైనికుడికి ఏడాదికి 234 టంకాలు (అప్పటి వెండి నాణేలు), అందులో బతకాలంటే ధరలు పెరగకూడదు. అందుకని గోధుమలు మణుగు ఏడున్నర జీతళ్ళకి (టంకా కంటే చిన్న నాణేలు) కట్టేశాడు, ధాన్యం మోసే వర్తకుల్ని పెళ్ళాం పిల్లలతో సహా యమున ఒడ్డున కాపురం పెట్టించాడు, అంటే వాళ్ళు జామీను అన్నమాట. తూకం తగ్గిస్తే దుకాణదారు పిర్రల్లోంచి మాంసం కోసేవాళ్ళు. సైనికులు మంచి గుర్రం మార్చేసి నాసిరకంది చూపించకుండా గుర్రాలకి ముద్రలు వేయించాడు. దోఆబ్ (గంగా యమునల మధ్య నేల) రైతు దగ్గర పంటలో సగం శిస్తు లాగాడు. ఆ తర్వాత 1305లో అమ్రోహా దగ్గర, 1306లో రావి ఒడ్డున మంగోలులు చావుదెబ్బ తిన్నారు. గెలుపంటే ఇదీ, ఇందులో సగం బిల్లు ఎప్పుడూ కత్తి పట్టని రైతు కట్టాడు.

ఇంకో మాట, సుల్తానుని దేవుణ్ణి చెయ్యకు, రాక్షసుణ్ణీ చెయ్యకు, ఈ రెండు రకాల ఫార్వర్డులూ మన ఫోన్లలో ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. ఢిల్లీ దగ్గరే స్థిరపడి మతం మారిన మంగోలుల్ని కుట్ర అనుమానంతో వేలమందిని చంపించిందీ ఇతనే. రావి దగ్గర మంగోలుల్ని ఓడించిన సుల్తాను సేనాని మాలిక్ కాఫూరే 1309లో ఓరుగల్లు మీదకి బయల్దేరాడు, ప్రతాపరుద్రుడు లొంగి ఏనుగులూ గుర్రాలూ ధనమూ అప్పగించాల్సి వచ్చింది. మంగోలుల కోసం పెంచిన సైన్యానికి తిండెలా పెట్టారో చెప్పి ఇది చెప్పకపోతే కథ సగమే. అంతకుముందు సుల్తానులు బల్బన్, ఇల్తుత్‌మిష్‌ల ఫ్లాష్‌బ్యాకులు తీసెయ్, 1221లో చెంగిజ్ ఖాన్ సింధు దాకా వచ్చిన సంగతి ఎవరి నోటో ఒక్క వాక్యంలో వస్తే చాలు.

ఒకటో చాప్టర్ చింపేసి ఆ తలుపుతో మళ్ళీ మొదలుపెట్టు. రాశాక పంపు, ఈసారి ప్రింట్ తీసి పోస్టులో పంపు, ఫోన్‌లో చదివితే నా కళ్ళు లాగేస్తున్నాయి.

మీ అన్నయ్య