హౌస్ సర్జన్ మేనకోడలికి, కుట్ల గురించి

శ్రీకాకుళం

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి నీకు క్యాజువాలిటీ డ్యూటీ పడుతుందనీ, కుట్లు వేయాలంటే చెయ్యి వణుకుతోందనీ మీ అమ్మ చెప్పింది. వరి కోతలు మొదలయ్యే సమయానికే నీ డ్యూటీ పడింది కనుక పనికి కొదవ ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

సూది పట్టుకోవడానికి ముందే చూడవలసినది ఒకటుంది. కోతలో వరి దుబ్బు ఎడమ చేత, కొడవలి కుడి చేత ఉంటాయి కాబట్టి దెబ్బ ఎక్కువగా ఎడమ వేళ్లకే తగులుతుంది. మత్తు ఇవ్వకముందే ఆ వేలిని ముడవమను, చాపమను, కొసన స్పర్శ తెలుస్తున్నదేమో అడుగు. లిగ్నోకైన్ మత్తుమందు ఎక్కించాక నరం తెగిందో లేదో చెప్పగలిగేవారెవరూ ఉండరు. ఆ మందు 2 శాతం ద్రావణమైతే ప్రతి మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములుంటుంది. అడ్రినలిన్ కలపనిది కిలోకు 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 50 కిలోల మనిషికి 11 మిల్లీలీటర్లే. తరువాత సెలైన్‌తో ధారగా, నీకు విసుగు పుట్టేదాకా కడుగు. బురద లోపల ఉంచి పైన ఎంత అందంగా కుట్టినా చీము పట్టక మానదు. కుక్కకాటైతే వెంటనే కుట్టకు. సబ్బుతో 15 నిమిషాలు కడిగించి, రేబిస్ టీకాతోపాటు గాయంలోకి ఇవ్వవలసిన ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు) సంగతి చూడు.

ఇక సూది. నీడిల్ హోల్డర్ అనే పటకారుతో దానిని మొన దగ్గర కాక, దారం ఉన్న కొస నుంచి మూడో వంతు దూరంలో పట్టుకో. మొన చర్మంలోకి నిటారుగా దిగాలి. ఏటవాలుగా దింపితే పైపొరనే పట్టి, ముడి వేయగానే అంచులు లోపలికి మడత పడతాయి. అలా మడత పడ్డ అంచులు సరిగా అతకవు. సూదిని తోయకు, మణికట్టును తిప్పు. అది తన వంపు వెంటే నడిచి అవతల తేలుతుంది. కాళ్లమీదా చేతులమీదా అంచు నుంచి సుమారు 5 మిల్లీమీటర్ల దూరంలో దిగి, అవతల కూడా అంతే దూరంలో, అంతే లోతు నుంచి పైకి రావాలి. పొడవైన గాయానికి మొదటి కుట్టు నడుమ వేసి, మిగిలిన సగాలను మళ్లీ సగాలు చేసుకుంటూ పోతే చివర చర్మం పోగుపడదు. పెదవి తెగితే మాత్రం మొదటి కుట్టు ఎరుపూ చర్మమూ కలిసే గీత మీదే పడాలి. చీర అంచు తప్పినట్లు అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా జీవితాంతం కనిపిస్తుంది.

అందరూ కుడి చేతినే తలచుకుంటారు గానీ, కుట్టు పాడయ్యేది ఎక్కువగా ఎడమ చేతిలోని ఫోర్సెప్స్ (చర్మం అంచును పట్టే చిమటా) వల్లనే. పళ్లున్న ఫోర్సెప్స్‌తో అంచును నొక్కిపట్టకుండా, కింది పొరను కొద్దిగా పైకెత్తితే చాలు.

ముడి విషయంలో నా తప్పు చెప్పాలి. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక రైతు మోకాలి కింద తెగిన గాయంతో వచ్చి, “గట్టిగా కట్టండి బాబూ, ఎల్లుండి మళ్లీ పొలంలో దిగాలి” అన్నాడు. నేనూ గట్టిగానే కట్టాను. అప్పటికి గాయం చూడముచ్చటగా ఉంది. నాలుగో రోజు విప్పి చూస్తే కుట్ల కింద చర్మం నల్లబడి, దారం మాంసంలోకి కోసుకుపోయి ఉంది. గాయం మరునాటికి వాచుతుందనీ, ఆ వాపుకు దారం చోటివ్వాలనీ నాకప్పుడు తట్టలేదు. అంచులు ఒకదానినొకటి తాకగానే చెయ్యి ఆపెయ్యి. మొదటి చుట్టు రెండు మెలికలు, రెండవది ఎదురు దిశలో ఒకటి, మూడవది మళ్లీ తిప్పి ఒకటి. దిశ మార్చకుండా వేసిన ముడి జారిపోతుంది. నైలాన్ మొండి దారం, దానికి మరో ఒకటి రెండు చుట్లు అవసరం. ముడిని గాయం మీద కాక పక్కకు జరుపు.

సాధన ఎలాగని అడిగావట. సుశ్రుతుడు శిష్యులచేత బట్ట అంచుల మీద, మెత్తని తోలు మీద కుట్లు వేయించమన్నాడు. నువ్వు అరటి తొక్కతో మొదలుపెట్టు. ఎక్కువ లాగితే అదే చిరిగి చెబుతుంది. తరువాత కోడి కాలు. మన బజారులో అడగకముందే తోలు ఒలిచేస్తారు, తోలుతోనే ఇమ్మని ముందే చెప్పు. (మీ అత్తయ్య వంటింట్లో ఆ పని చేసి నేను పడిన మాటలు నువ్వు పడవద్దు.) రోజూ ఇరవై కుట్లు, ఒక నెల.

సూదిని ఎన్నడూ వేళ్లతో సర్దకు. పని కాగానే నీ చేత్తోనే సూదులూ బ్లేడ్లూ పారేసే తెల్లని షార్ప్స్ డబ్బాలో వెయ్యి, నర్సుకు వదిలిపెట్టకు. ధనుర్వాతం టీకా సంగతి మరువకు. కుట్లు విప్పే తేదీని చీటీమీద రాసి, నోటితో కూడా చెప్పు: ముఖానికి 5 రోజులు, తలకు 7 నుంచి 10, కాళ్లకూ చేతులకూ 10 నుంచి 14. విప్పేటప్పుడు దారాన్ని చర్మానికి ఆనించి కత్తిరించి, గాయం వైపుకే లాగు. అవతలికి లాగితే కొత్త చర్మం విడిపోతుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ నీడిల్ హోల్డర్ తెచ్చుకో. కోడి కాళ్లు నేను తెప్పించి ఉంచుతాను, పెరట్లో కూర్చుందాం.

మీ మామయ్య