అద్దంలో చూసిన పైకప్పు

చిరంజీవి అమ్మాయికి,

నీ వెనిస్ వ్యాసం రెండుసార్లు చదివాను. పొద్దున శాన్ రోకో అనే పాత సంఘభవనంలో చిత్రాలు, మధ్యాహ్నం దీవులు, సాయంత్రం చేపల భోజనం అన్నీ ఉన్నాయి, నువ్వు తప్ప. ‘అద్భుతం’ అన్న మాట పదకొండు చోట్ల వాడావు. ఏం చూసి అలా అనిపించిందో ఒక్కచోటైనా చెప్పలేదు.

శాన్ రోకోకు నేనూ వెళ్లాను. 1564లో అక్కడ పనికి దిగిన చిత్రకారుడు తింతొరెత్తో ఇరవై ఏళ్లకు పైగా ఆ గోడలనూ కప్పులనూ బొమ్మలతో నింపాడు. అది నువ్వూ రాశావు, సరే. మరి పై అంతస్తు హాల్లో కప్పు చూడటానికి అద్దాలు ఉంచుతారు కదా, వాటి ఊసే లేదేమమ్మా? జనం ఆ అద్దాన్ని పళ్లెంలా రెండు చేతులా పట్టుకుని, తల వంచుకుని మెల్లగా నడుస్తారు. నేను కాస్త పక్కకు వంచగానే బైబిలు ప్రవక్త మోషే జారిపోయి, పాము కాటుకు ఒరిగిపోయిన దేహాలు నా చేతుల్లోకి వచ్చాయి. ఒళ్లు జలదరించింది. నీ చేతుల్లోకి ఏం వచ్చిందో నాకు తెలియాలి.

మురానో దీవి గాజు, బురానో దీవి రంగుల ఇళ్లు రెండు పేజీలు తినేశాయి. ఒక్క పేరాలో దాటెయ్యి. టోర్చెల్లోలో మాత్రం ఆగు. ఒకప్పుడు వేలమంది బతికిన దీవి అది. నీళ్లు పూడుకుపోయి, మలేరియా ముసిరి జనం వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్ల ఇటుకలు కూడా పడవలెక్కి వెనిస్ చేరాయి. 639లో పునాది పడిన చర్చి మిగిలింది. లోపల బంగారు రంగు గోడ మీద మేరీమాత బిడ్డనెత్తుకుని ఒంటరిగా నిలబడి ఉంటుంది. అంత బంగారం మధ్య ఆ ఒంటరితనం నిన్ను తాకలేదంటే నమ్మను.

ఇక భోజనం. ‘సార్దే ఇన్ సావోర్ చాలా రుచిగా ఉంది’ అని ఊరుకున్నావు. మన కవళ్ల వంటి చిన్న చేపలను వేయించి, వెనిగర్‌లో మగ్గిన ఉల్లిపాయలు, కిస్‌మిస్, పైన్ గింజలతో పొరలు పొరలుగా పేర్చి ఊరబెడతారు. సముద్రం మీద రోజుల తరబడి తిరిగే నావికులకు చేప పాడవకుండా ఉండాలని పుట్టిన వంట. ఒక రోజు ఆగితేనే దానికి రుచి. మీ ఇంట్లో రాత్రి వండిన చేపల పులుసు పొద్దున్నే తిన్న నాలుకే కదా నీది! ఆ నాలుకతో రాయి.

వెనిస్‌లోని రియాల్టో చేపల బజారు గోడ మీద పాలరాతి పలక ఒకటి ఉంది. ఏ చేప ఎంత పొడవుంటే అమ్మవచ్చో అందులో చెక్కారు: ఆల్చిప్ప 5 సెంటీమీటర్లు, మలుగు 25. అంతకన్నా చిన్నవాటిని అప్పట్లో అమ్మకూడదు. నువ్వు దాని పక్కనే ఫొటో దిగావు, వ్యాసంలో అది లేదు.

ఈసారి అద్దం దగ్గర మొదలుపెట్టు. పండగలోపు పంపితే సంతోషిస్తాను. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనీ, సన్నవి నా కళ్లకు ఆనడం లేదు.

ఆశీస్సులతో.