కడుపుతో ఉన్నప్పుడు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తే బార్లీ నీళ్ళతో తగ్గుతుందా?

అడిగినావిడకు ఆరో నెలట. మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టులో ఇన్‌ఫెక్షన్ అని వచ్చిందట, కానీ మంట లేదు, జ్వరం లేదు. డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ వేసుకోవాలా, బార్లీ నీళ్ళు తాగుతూ కొన్నాళ్ళు చూడొచ్చా అని ప్రశ్న. వేసుకోండి. బార్లీ నీళ్ళు కూడా తాగండి, ఎవరొద్దన్నారు? అవి నాలుగుసార్లు ఎక్కువగా బాత్రూమ్‌కి పంపిస్తాయి, అంతవరకే వాటి పని. లోపల చేరిన ఈ.కోలి అనే బ్యాక్టీరియా బార్లీకి భయపడి పారిపోదు.

నాకు ఐదో నెలలో అచ్చం ఇలాగే అయింది. మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తేదాన్ని గానీ, కడుపుతో ఉన్నవాళ్ళలో పరిగెత్తనిదెవరు? అందుకే ఇది కనిపెట్టడం కష్టం. మామూలు యూరిన్ పరీక్షలో పస్ సెల్స్, అంటే చీము కణాలు, ఎక్కువున్నాయని డాక్టరమ్మ కల్చర్ రాశారు. ఇక ఇంట్లో మొదలైంది. "వేడి చేసింది, అంతే" అని మా అత్తమ్మ సబ్జా గింజలు నానబెట్టింది. మా అమ్మ ఫోన్‌లోనే ఆవకాయ బంద్ పెట్టించింది. మా ఆడపడుచు వాట్సాప్‌లో ఏదో చూసి క్రాన్‌బెర్రీ జ్యూస్ డబ్బా పట్టుకొచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఆ పండు మొహం చూడలేదు. డబ్బా మీద చదివితే సగం చక్కెరే. గర్భిణికి షుగర్ పరీక్ష పెట్టుకుని ఇదొకటా!

కల్చర్‌కి శాంపిల్ ఎలా ఇవ్వాలో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి దగ్గర ఒక ల్యాబ్. పొద్దున ఏడింటికే కిటకిట. కౌంటర్లో అబ్బాయి డబ్బా నా చేతిలో పెట్టి "మిడ్‌స్ట్రీమ్ ఇవ్వాలి మేడం" అని కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు. అదేమిటో అంతమంది ముందు అడగడానికి నాకు మొహమాటం, చెప్పడానికి అతనికి సిగ్గు. లోపల రక్తం తీసే అక్కను పట్టుకున్నాను. ఆవిడే నయం. "ముందు నీళ్ళతో శుభ్రంగా కడుక్కోమ్మా. మొదట వచ్చేది వదిలెయ్, మధ్యలోది పట్టు. మూత లోపలి వైపు వేలు పెట్టకు, డబ్బా అంచు ఒంటికి తగలనీయకు" అని గడగడా చెప్పేసి ఇంకొకరి చెయ్యి పట్టుకుంది.

బాత్రూమ్‌లోకి వెళ్తే తలుపుకి గడియ లేదు. బ్యాగ్ తగిలించడానికి మేకు లేదు. నేలంతా తడి. బయట మా ఆయన తలుపు లాగిపట్టుకుని నిలబడ్డాడు. కుర్తా అంచు పళ్ళ మధ్య, ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో మూత. పొట్ట అడ్డం కాబట్టి ఏం పడుతున్నానో నాకే కనబడదు. పైగా బయటినుంచి "అయిందా? ఇక్కడ లైన్ ఉంది" అని ఈయన. రెండు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది: రకరకాల బ్యాక్టీరియా కలిసిపోయాయి, శాంపిల్ మళ్ళీ ఇవ్వండి. కలిసిపోక ఏం చేస్తాయి, ఆ బాత్రూమ్‌లో? రెండోసారి డబ్బా ఇంటికే తెచ్చుకున్నాను. మన బాత్రూమ్‌లో తీరిగ్గా పట్టి ఇస్తే ఈయన వెంటనే స్కూటర్ మీద ఇచ్చి వచ్చాడు. రెండు గంటల్లోపు ఇవ్వాలి, లేటయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మీరూ ఇలాగే చేయండి, ల్యాబ్ బాత్రూమ్‌ని నమ్ముకోకండి.

ఈసారి ఒక్క ఈ.కోలినే, మిల్లీలీటరుకు 1 లక్ష పైన. కింద మందుల పేర్ల పట్టిక, ఒక్కోదాని పక్కన ఎస్ అనో ఆర్ అనో. ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే చేయదు. మెడికల్ షాపుకెళ్ళి "మంటకేదైనా ఇవ్వు బాబూ" అనేవాళ్ళు ఈ పట్టిక ఒకసారి చూడాలి. మామూలుగా వాళ్ళిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌లాంటివి గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్లు సాధారణంగా రాయరు కూడా.

నొప్పి లేనప్పుడు మందెందుకని అత్తమ్మ డాక్టరమ్మనే అడిగింది. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. గర్భంలో హార్మోన్ల వల్ల కిడ్నీల నుంచి మూత్రం దిగే నాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని ఒత్తుతుంది, కుడివైపు మరీ ఎక్కువ. మూత్రం సాఫీగా దిగక నిలిచిపోతుంది. ఇలా లక్షణాల్లేకుండా ఇన్‌ఫెక్షన్ ఉండేవాళ్ళు 100 మంది గర్భిణుల్లో 2 నుంచి 10 మంది దాకా ఉంటారట. పట్టించుకోకపోతే వాళ్ళలో నలుగురిలో ఒకరికి దాకా కిడ్నీకి పాకొచ్చు. అప్పుడు చలిజ్వరం, నడుం పక్కన పోటు, ఆస్పత్రిలో చేరి సెలైన్లు, నెలలు నిండకుండానే నొప్పులొచ్చే ప్రమాదం. "బిడ్డకు మందు కంటే ఈ జ్వరమే చెడ్డదమ్మా" అనేసరికి అత్తమ్మ మెత్తబడింది. నాకు నైట్రోఫ్యురాంటోయిన్ రాశారు. నా నెలకి పర్లేదన్నారు, కాన్పు దగ్గరపడ్డాక అదే మందు ఇవ్వరు. కాబట్టి నా చీటీ చూసి మీరు కొనుక్కోకండి. మాత్రలు సగంలో ఆపొద్దు, అయ్యాక మళ్ళీ కల్చర్ చేయించాలి. జ్వరం, వణుకు, వాంతులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెళ్ళిపోవాలి.

అయితే డాక్టర్లు హార్మోన్లంటారు గానీ, నన్నడిగితే సగం పాపం ఈ ఊరి రోడ్లది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి కంపెనీ క్యాబ్. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర బండి ఆగితే ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలి. దిగి వెళ్దామంటే ఎక్కడికి? మగవాళ్ళకు గోడ ఉంటే చాలు. మనం ఏం చేస్తాం, పొద్దుటినుంచీ నీళ్ళే తాగం. మా టీమ్‌లో ఆడవాళ్ళందరి బాటిళ్ళూ సాయంత్రానికి నిండుగానే ఇంటికి పోయేవి. ఇటు నీళ్ళు లేవు, అటు ఆపుకోవడం. ఇన్‌ఫెక్షన్ రాకేం చేస్తుంది? తర్వాత నేను మెట్రోకి మారాను. అమీర్‌పేట్‌లో రైలు మారాలి, మెట్లు ఉన్నాయి, జనం ఉన్నారు, అయినా స్టేషన్లలో టాయిలెట్ అయినా ఉంది.

ఆఫీసు సంగతి ఇంకా విడ్డూరం. మా ఫ్లోర్‌లో లేడీస్ టాయిలెట్ రిపేరంటూ తాళం వేశారు, ఆ పొట్టతో కింది ఫ్లోర్‌కి వెళ్ళి రావాల్సిందే. ఫెసిలిటీస్ వాళ్ళకి మెయిల్ పెడితే "నోటెడ్" అని జవాబొచ్చింది. మా వాడు ఇప్పుడు ప్లే స్కూల్‌కి వెళ్తున్నాడు. తాళం అలాగే ఉంది.