గుండె దడ వస్తోంది.. ఏడీహెచ్‌డీకి ఈ సహజ సప్లిమెంట్లు కొనసాగించవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. విజయవాడ పటమటలో ఉంటాం. ఇంటి నుంచే ఒక సంస్థకు అకౌంట్స్ చూస్తాను. మా అబ్బాయికి 8 ఏళ్లు. వాడికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందని నిరుడు చెప్పారు. ఆ లక్షణాలు వింటుంటే చిన్నప్పటి నుంచీ నేనూ ఇంతేగా అనిపించింది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతాను. జీఎస్టీ రిటర్న్ గడువు చివరి రోజు రాత్రి దాకా ముట్టుకోను. ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండానే అందుకుంటాను. మందులకు అలవాటుపడతానేమోనని భయపడి, రెండు నెలలుగా అశ్వగంధ 300 మి.గ్రా. రెండు పూటలా వేసుకుంటున్నాను. బ్రాహ్మి, జింకో (ఒక చెట్టు ఆకుల సారం), చేపనూనె, మల్టీవిటమిన్, జుట్టుకు బయోటిన్ రోజుకొకటి చొప్పున వాడుతున్నాను. థైరాయిడ్‌కు 50 మైక్రోగ్రాముల మాత్ర ఐదేళ్లుగా ఉంది. మరిచిపోతానని పొద్దున్నే అన్నీ కలిపి కాఫీతో వేసేసుకుంటాను. ఏకాగ్రతలో తేడా ఏమీ లేదు. పైగా మూడు వారాలుగా గుండె దడ, నిద్ర పట్టడం లేదు. నెలసరిలో రక్తస్రావం కూడా ఎక్కువే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు దడ సంగతి చూద్దాం. అశ్వగంధ ఈరోజే ఆపేయండి. అది కొందరిలో థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది. థైరాయిడ్ మాత్ర వాడుతున్నవాళ్లలో ఆ పెరుగుదల దడ, చేతి వణుకు, నిద్రలేమిగా బయటపడవచ్చు. అరుదుగా కాలేయం కూడా దెబ్బతింటుంది. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెడుతున్నా వెంటనే డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అన్నీ కలిపి కాఫీతో వేసుకోవడం. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట వరకు కాఫీ, టిఫిన్ వద్దు. మల్టీవిటమిన్‌లో ఉండే ఐరన్, కాల్షియం ఆ మాత్రను పేగులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. అందుకే వాటి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఇప్పుడు మీ ఒంట్లో ఒకవైపు మల్టీవిటమిన్, కాఫీ హార్మోన్‌ను తగ్గిస్తుంటే, మరోవైపు అశ్వగంధ దాన్ని పెంచుతూ ఉండవచ్చు. థైరాయిడ్ తగ్గితే మతిమరుపు, మందకొడితనం వస్తాయి. ఎక్కువైతే కుదురు ఉండదు. రెండూ చూడటానికి ఏడీహెచ్‌డీలాగే ఉంటాయి.

ఈ వారమే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించండి. అయితే దానికి కనీసం మూడు రోజుల ముందు నుంచి బయోటిన్ ఆపేయాలి. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో తరచూ 5 నుంచి 10 మి.గ్రా. బయోటిన్ ఉంటుంది. ఆ మోతాదులో చాలా ల్యాబ్ యంత్రాల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. ఆ కాగితం చూసి థైరాయిడ్ ఎక్కువైందనుకుని ఎవరైనా మీ థైరాయిడ్ మాత్ర తగ్గిస్తే అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. మాత్ర వేసుకునే పద్ధతి సరిచేసుకున్న 6 నుంచి 8 వారాలకు మళ్లీ ఒకసారి టీఎస్‌హెచ్ చూడాలి.

అదే రక్తంతో సీబీసీ, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే పరీక్ష), బి12, విటమిన్ డి కూడా చేయించండి. ఫెరిటిన్ అడిగి మరీ రాయించుకోండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవాళ్లలో హిమోగ్లోబిన్ 12 దాటి కనిపించినా, ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఫెరిటిన్ 30 కంటే తక్కువుంటే ఐరన్ లోపమే. మెదడులో ఏకాగ్రతకు తోడ్పడే డోపమైన్ అనే రసాయనం తయారవ్వాలంటే ఐరన్ కావాలి. ఏడీహెచ్‌డీలో సరిగా పనిచేయనిదీ ఆ డోపమైన్, నార్‌అడ్రినలిన్ వ్యవస్థే. లోపం తేలితే ఐరన్ మాత్ర మధ్యాహ్నం నిమ్మరసంతో వేసుకోండి. ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ వద్దు. నిల్వలు నిండటానికి మూడు నెలలైనా పడుతుంది. లోపం లేనివాళ్లకు ఐరన్‌తో ఏకాగ్రత పెరగదు, మలబద్ధకం మిగులుతుంది. రక్తస్రావం ఎందుకు ఎక్కువగా ఉందో గైనకాలజిస్టుకు చూపించుకోవడమూ ముఖ్యమే. విటమిన్ డి తక్కువుంటే రాసే 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి మాత్రమే. పొరపాటున రోజూ మింగి కాల్షియం పెరిగి ఆసుపత్రిలో చేరేవాళ్లు ఉన్నారు.

రక్తస్రావం ఎక్కువున్న మీకు జింకో అసలు పడదు. అది రక్తం గడ్డకట్టడాన్ని కొంత అడ్డుకుంటుంది. నెలసరి నొప్పికి ఐబూప్రొఫెన్ లాంటి మాత్ర కూడా తోడైతే ఇంకా ఇబ్బంది. పిల్లల్లో ఏడీహెచ్‌డీకి డాక్టర్లు రాసే మిథైల్‌ఫెనిడేట్ అనే మందుతో పోల్చి చూసినప్పుడు జింకో బాగా వెనకబడింది. దాన్నీ ఆపేయండి.

బ్రాహ్మి విషయంలో పేర్ల గందరగోళం ఉంది. మన దగ్గర సరస్వతి ఆకు అనేదీ, నీటి గట్ల మీద పాకే బ్రాహ్మీ వేర్వేరు మొక్కలు. రెండూ ఒకే పేరుతో అమ్ముడుపోతాయి. ఆరోగ్యవంతుల్లో జ్ఞాపకశక్తికి మూడు నెలలు వాడితే కొంత మేలు కనిపించింది కానీ, ఏడీహెచ్‌డీ లక్షణాలు తగ్గుతాయని చెప్పే గట్టి ఆధారం లేదు. కొందరికి కడుపులో వికారం, విరేచనాలు అవుతాయి. ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మీ జాబితాలో ప్రయత్నించదగ్గది చేపనూనె ఒక్కటే. దాని ప్రయోజనం కూడా స్వల్పమే, అదీ ఎక్కువగా పిల్లల్లో చూసింది. మీ సీసా ఒకసారి వెనక్కి తిప్పండి. ముందువైపు పెద్దక్షరాలతో 1000 మి.గ్రా. అని ఉంటుంది, అది మొత్తం నూనె బరువు. వెనకవైపు చిన్నక్షరాల్లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని కనిపిస్తుంది. ఇవి చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులు. మనకు కావలసింది ఆ ఈపీఏ. అధ్యయనాల్లో వాడింది సుమారు 500 మి.గ్రా. లేదా అంతకు మించి. అంటే మీరు రోజుకొకటి వేసుకుంటున్నది మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. ఇప్పటికి దీన్నీ ఆపి, దడ పూర్తిగా తగ్గి, థైరాయిడ్ కుదిరాక మళ్లీ మొదలుపెట్టండి. రోజుకు మూడు, మధ్యాహ్నం భోజనం మధ్యలో వేసుకుంటే చేప వాసన తేన్పులు తక్కువ. క్యాప్సూల్ కోసి చూస్తే పెయింట్ వాసన కొడుతుంటే నూనె చెడిపోయినట్లే, పారేయండి. మోతాదు ఇంతకు మించి పెంచొద్దు. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చేపలు తినేవాళ్లయితే వారానికి రెండుసార్లు కానాగంతలో, కవళ్లో పులుసు పెట్టుకోవడం ఇంకా మంచిది. అవిసె గింజల్లో ఉండేది వేరే రకం ఒమేగా-3. ఒంట్లో దానిలో కొంచెమే ఈపీఏగా మారుతుంది.

పనిచేసిందో లేదో తెలియాలంటే ఒక్కసారికి ఒక్కటే మొదలుపెట్టాలి, 12 వారాలు ఆగాలి. వంటింటి క్యాలెండర్ మీదే గుర్తు పెట్టండి. పాలు పొంగిన రోజు ఒక చుక్క, గడువు దాటిన పనికి ఒక గీత, సగంలో వదిలేసి ఇంకో పనికి వెళ్లినప్పుడు ఒక సున్నా. మొదలుపెట్టే ముందు రెండు వారాలు ఏ సప్లిమెంటూ లేకుండా ఇలాగే లెక్క రాసుకోండి. మీ వారిని కూడా ఆదివారం రాత్రి విడిగా పదికి మార్కులు వేయమనండి. 12 వారాలకు ఆ చుక్కలు తగ్గకపోతే డబ్బు వృథా చేసుకోవద్దు.

న్యూజిలాండ్‌లో 2014లో 80 మంది పెద్దవాళ్ల మీద 8 వారాలు విటమిన్లు, ఖనిజాల మిశ్రమాన్ని పరీక్షించారు. వాడినవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు కొంత మార్పు కనిపించింది కానీ, డాక్టర్లు లక్షణాలు లెక్కించినప్పుడు తేడా తేలలేదు. అది మామూలు మల్టీవిటమిన్ కాదు, ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు. దాన్ని ఇంట్లో అనుకరించొద్దు. జింక్ ఎక్కువైతే రాగి తగ్గిపోతుంది. బి6 రోజుకు 100 మి.గ్రా. దాటి నెలల తరబడి వేసుకుంటే కాళ్లకు తిమ్మిర్లు పట్టుకుంటాయి.

ఇక అసలు విషయం. మీకు ఏడీహెచ్‌డీ ఉండే అవకాశం నిజంగానే ఉంది. ఇది బలంగా వంశపారంపర్యంగా వచ్చేది. ఆడపిల్లల్లో అల్లరి కంటే పరధ్యానం ఎక్కువ కాబట్టి బడిలో ఎవరూ పట్టించుకోరు. 12 ఏళ్లకు ముందే లక్షణాలు ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ రెండు చోట్లా ఇబ్బంది పెట్టాలి. ఆన్‌లైన్ పరీక్షలో వచ్చిన మార్కు అనుమానానికి మాత్రమే పనికొస్తుంది. ఆందోళన, డిప్రెషన్, గురకతో చెడిన నిద్ర కూడా ఇలాగే కనిపిస్తాయి.

అలవాటుపడతానన్న మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్నది. ప్రిస్క్రిప్షన్ రెండు ప్రతులు రాయాలి, ఒకటి మెడికల్ షాపులో ఉంచుకుంటారు. అంత కట్టుదిట్టం దుర్వినియోగాన్ని ఆపడానికే. డాక్టరు చెప్పిన మోతాదులో, నోటి ద్వారా వేసుకుంటూ వస్తే వ్యసనంగా మారడం అరుదు. ఆ భయం పోకపోతే ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు ఆటమాక్సెటిన్ ఉంది, అది అలవాటు చేసే మందు కాదు. కాకపోతే ఫలితం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదట్లో వికారం ఉంటుంది కాబట్టి తిన్నాక వేసుకోవాలి. రెండూ నాడిని, బీపీని కొంత పెంచుతాయి. అందుకే దడ తగ్గకముందు ఏదీ మొదలుపెట్టరు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే అదీ ముందే చెప్పండి.

విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడతారు. ఓపీకి వెళ్లేటప్పుడు దొరికితే మీ చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు, అబ్బాయి రిపోర్టులు, వంటింటి క్యాలెండర్ పేజీలు పట్టుకెళ్లండి. వేసుకుంటున్న సీసాలన్నీ, మానేసినవి కూడా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పెట్టండి. బాబుకు మాత్రం మీ సీసాల్లోంచి ఏదీ ఇవ్వకండి.