మీ కారు, మీ ప్రశ్నలు: పాలిషింగ్ మెషిన్ కొనేముందు కనిష్ఠ వేగం చూడండి

ప్రశ్న: మాది ఆరేళ్ల నల్ల కారు. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లతోనే కడుగుతారు. బానెట్ నిండా తెల్లటి నీటి మచ్చలు, ఎండలోకి తెస్తే సాలెగూడులా సన్న గీతలు. రోటరీ పాలిషర్ కొని నేనే చేసుకుందామనుకుంటున్నాను. ఎస్.పి. రోడ్డులో రెండు చూపించారు. ఒకటి 1400 వాట్లు, 1000 నుంచి 3500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). రెండోది 1200 వాట్లు, 600 నుంచి 3000 ఆర్‌పీఎం, ధర ఎక్కువ. ఇంట్లో ఉన్న యాంగిల్ గ్రైండర్‌కే ప్యాడ్ బిగిస్తే చాలని మా బావగారు అంటున్నారు. ఏది మంచిదండీ?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: రెండోదే తీసుకోండి. 3500 అన్న అంకె మీకు ఎన్నడూ అక్కరకు రాదు, 600 అన్నది ప్రతి ప్యానెల్‌కీ కావాలి. 150 మిల్లీమీటర్ల ప్యాడ్ 3000 ఆర్‌పీఎంలో తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 85 కిలోమీటర్ల వేగంతో రంగును రుద్దుతుంది. అదే 1200లో అయితే 34 కిలోమీటర్లు. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది కనుక వేడి ఒకేచోట పోగవుతుంది. దాని కింద ఉన్న క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పొర) మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పలచన. గీతలు పోగొట్టడమంటే ఆ పొరనే కొంచెం అరగదీయడం. అరిగింది మళ్లీ రాదు. అందుకే కాంపౌండ్ (గీతలను అరగదీసే ముద్ద) పరచడం 600లో, అసలు పని 1200 నుంచి 1800 లోపల జరగాలి. 1000 దగ్గర మొదలయ్యే మెషిన్ కాంపౌండ్‌ను పరచదు, అద్దాల మీదికీ చొక్కా మీదికీ చిమ్ముతుంది.

వేగం తగ్గితే చాలదు, ఒత్తినప్పుడు ఆ వేగం నిలవాలి కూడా. షాపులోనే ప్యాడ్ తగిలించి, డయల్ 1 మీద పెట్టి, ఏదైనా పాత ప్యానెల్ మీద ఆనించి ఒత్తి చూడండి. మోటారు మూలిగి ఆగిపోబోతే వద్దు. స్విచ్ నొక్కగానే చేతిలోంచి ఎగిరినట్టు లేవకుండా మెల్లగా అందుకోవాలి. బరువు మూడు కిలోలు దాటితే బానెట్ మీద తెలియదు గానీ తలుపుల దగ్గర మణికట్టు లాగేస్తుంది, చేయి అలసినప్పుడే ప్యాడ్ ఒరుగుతుంది. ఇక్కడ దొరికే రోటరీల ఇరుసుకు ఎక్కువగా ఎం14 (14 మిల్లీమీటర్ల) మర ఉంటుంది. 150 మిల్లీమీటర్ల ప్యాడ్‌కు 125 మిల్లీమీటర్ల బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్‌ను అంటించే పళ్లెం) తీసుకోండి. ప్లేటు ప్యాడ్ కంటే చిన్నదిగా ఉండాలి, లేకపోతే దాని అంచు రంగుకు తగిలి గాటు పెడుతుంది.

గ్రైండర్ మాత్రం వద్దండీ. నాలుగంగుళాల గ్రైండర్ 11,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో తిరుగుతుంది, ప్యాడ్ కింద రంగు క్షణాల్లో కాలుతుంది. రెగ్యులేటర్ పెట్టి తగ్గిస్తే ఒత్తిన చోట ఆగిపోతుంది. లోపలి ఫ్యాన్ కూడా నెమ్మదించడంతో మోటారే వేడెక్కుతుంది.

1200 వాట్ల మెషిన్ 230 వోల్టుల దగ్గర ఐదు ఆంపియర్ల పైన లాగుతుంది. బేస్‌మెంట్‌లోని 6 ఆంపియర్ల ప్లగ్గుకు అదే దాదాపు హద్దు, 16 ఆంపియర్లది ఉంటే అదే వాడండి. ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చుట్ట పూర్తిగా విప్పి వాడండి, చుట్టగానే ఉంచితే వైరు వేడెక్కుతుంది.

నీటి మచ్చల మీదికి నేరుగా మెషిన్ తీసుకెళ్లకండి. బోరు నీళ్లలోని సున్నం ఆరి అంటుకున్న మచ్చలవి. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, నీడలో చల్లటి ప్యానెల్ మీద గుడ్డతో నిమిషం సేపు తడిపి ఉంచి, బాగా కడిగేయండి. చాలా మచ్చలు దీనితోనే పోతాయి. క్లియర్ కోట్‌ను తినేసి గుంటలుగా మిగిలిన వాటికే పాలిష్ అవసరం. తర్వాత క్లే బార్ (రంగుకు అంటుకున్న మురికిని లాగే మెత్తటి మట్టి ముద్ద) రుద్ది, ప్యానెల్ అంచులకూ మడతలకూ మాస్కింగ్ టేపు వేయండి.

అడుగున్నర చదరం చోటు చాలు. కాంపౌండ్‌ను శనగగింజంత చుక్కలు నాలుగు ప్యాడ్ మీద పెట్టి, 600లో పరిచి, 1200కు పెంచి, సెకనుకు రెండంగుళాల చొప్పున మెషిన్‌ను జరపండి. ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పాలి. ప్రతి విడతకూ అరచేతి వెనక ఆనించి చూడండి, చేయి నిలవలేకపోతే ఆపేయండి. అంచు దగ్గర ప్యాడ్ తిరుగుడు అంచు మీదుగా బయటికి పోవాలి, అంచుకు ఎదురు రాకూడదు. మొదటిసారి కదా, ముందు డెంటింగ్ షాపులో పాత బానెట్ ఒకటి అడిగి తెచ్చుకుని దాని మీద చేయి తిప్పండి.

ప్రశ్న: కారు వాష్ నడుపుతున్నాను. షెడ్డులో అద్దంలా కనిపించిన కారును మర్నాడు ఎండలో చూసి, మెషిన్ తిరిగిన చారలు కనిపిస్తున్నాయని తిరిగి తెస్తున్నారు. ఉన్ని ప్యాడ్, 1800 వేగం వాడుతున్నాం. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి, బెంగళూరు

జవాబు: ఉన్ని ప్యాడ్‌తోనే పని ముగించడం దగ్గర. ఉన్ని లోతు గీతలు కోస్తుంది, కోస్తూ తన చారలు తను వదులుతుంది. కాంపౌండ్‌లోని నూనెలు ఆ చారలను నింపేస్తాయి గనుక షెడ్డులో కనబడవు, ఎండలోకి వెళ్లాక బయటపడతాయి. రెండో విడతగా మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్, 1000 నుంచి 1200 వేగం పెట్టండి. ప్యాడ్ చదునుగా ఉండాలి, మెషిన్ బరువు తప్ప మీ ఒత్తిడి వద్దు. ప్రతి చోటు అయ్యాక ప్యాడ్‌ను బ్రష్‌తో దులపండి, ఎండిన కాంపౌండే కొత్త గీతలు గీస్తుంది. అప్పగించే ముందు ఆ నూనెలు పోయేలా ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు నాలుగు పాళ్ల నీళ్లు కలిపి తుడిచి, ఎండలోనో ఒంటి ఎల్‌ఈడీ టార్చ్ కిందో చూడండి. ముదురు రంగు కార్లు ఎక్కువగా వస్తుంటే చివరి విడతకు 15 మిల్లీమీటర్ల ఊగు ఉన్న డ్యూయల్ యాక్షన్ మెషిన్ కొనుక్కోవడమే మేలు. అది తిరుగుతూ ఊగుతుంది కాబట్టి అలాంటి చారలు దాదాపుగా మిగలవు.

ప్రశ్న: బఫింగ్ చేస్తుంటే బంపర్ మూల రంగు లేచిపోయి నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. ఇంకోసారి పాలిష్ చేస్తే కలిసిపోతుందా?
– ఒక పాఠకురాలు, హెబ్బాళ, బెంగళూరు

జవాబు: కలవదండీ, అక్కడ పెయింట్ వేయించాల్సిందే. ఇనుప రేకు వేడిని చుట్టూ పంచుతుంది, ప్లాస్టిక్ పంచదు. పైగా మూలల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది. మామూలు పెయింట్ గేజ్ ప్లాస్టిక్ మీద మందం చూపదు గనుక ముందే తెలిసే దారీ లేదు. బంపర్లకు 75 మిల్లీమీటర్ల చిన్న ప్యాడ్, 1000 లోపు వేగం వాడమనండి. మూలలు మాత్రం చేత్తోనే చేయమనండి.